తడి ఆరకముందే

కొత్త వెబ్ సర్వీసు ఏది కంటబడినా, ఖాతా తెరిచాక నేను మొదట కొట్టే మాట ‘స్త్రీ’. రెండోది ‘లక్ష్మి’. మూడోది ‘ఫేస్‌బుక్’. ఈ మూడూ తెర మీద సరిగ్గా నిలబడితే అప్పుడు రంగులూ హంగులూ, ధరలూ దరఖాస్తులూ చూస్తాను. నిలబడకపోయినా వెళ్ళిపోను. అక్కడే కూర్చుని ఎక్కడ విరిగిందో చూస్తాను. నాకు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. పలక మీద దిద్దిన నాటి నుంచీ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. ఎవరో ఒకరు ఈ ఆరింటినీ పోగేసి, స మీద గుడిదీర్ఘం ఎక్కించి, కింద త ఒత్తు, పక్కన ర ఒత్తు పెట్టాలి. ఆ పని సవ్యంగా జరిగితే ఎవరూ గమనించరు. ఎక్కడ ఒక్క పిసరు తేడా వచ్చినా ‘స్ త్ రీ’ అని ముక్కలుగా రాలిపడుతుంది. ‘ఫేస్‌బుక్’ది ఇంకో కథ. స్ తర్వాత కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే బ వెళ్ళి స కింద ఒత్తుగా చేరిపోయి ‘ఫేస్బుక్’ అవుతుంది. కొన్ని సర్వీసులు కనబడని సంకేతాలన్నిటినీ చెత్త కింద లెక్కగట్టి ఊడ్చేస్తాయి. ఊడ్చే కోడు రాసినవాళ్ళకు, ఆ చెత్తలో ఒక భాషకు కావలసిన సరుకు ఉందని తెలియదు. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పడానికి ముందు అక్కడ ఉండాలి.

నాకు కొత్త సాఫ్ట్‌వేర్ అంటే ప్రాణం. దానికి కారణం వెతికితే ఒక్కటే దొరుకుతుంది. కొత్త పనిముట్టు చేతికొచ్చినప్పుడల్లా నిన్నటిదాకా చేయలేని పని ఒకటి చేయగలిగాను. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడు అందరూ 1 జీబీ చోటు గురించి మాట్లాడుకున్నారు. ఆహ్వానం ఉంటే తప్ప ఖాతా దొరకని రోజులవి, నాకు ఇంజనీరింగు స్నేహితుడి ద్వారా దొరికింది. నన్ను కట్టిపడేసింది ఆ చోటు కాదు. అంతకుముందు నేను వాడిన మెయిల్ సర్వీసులో తెలుగు ఉత్తరం పంపితే అవతలివైపు వరసగా ప్రశ్నార్థకాలు తేలేవి. జీమెయిల్‌లో అమెరికాలో ఉన్న అక్కకు తెలుగులో రాశాను, తెలుగులోనే చేరింది, తెలుగులోనే జవాబొచ్చింది. అప్పటిదాకా అమ్మ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోకి కుదించి పంపేవాణ్ణి. ఆ రోజు నుంచి అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘అన్నం తిన్నావుటే’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అందులో అమ్మ గొంతు ఉండదు.

ఫ్లికర్‌లో ఫొటో కింద ‘గోదావరి’ అని తెలుగులో ట్యాగు కొట్టి, దాన్ని నొక్కగానే నా ఫొటో పక్కన ముక్కూమొహం తెలియని ఎవరిదో కొవ్వూరు వంతెన ఫొటో రావడం కూడా నాకు గొప్ప సంఘటనే. ఇంకెవరో మన అక్షరాలతోనే వెతుకుతున్నారన్నమాట! ఇలాంటి సంతోషాలను చిన్నబుచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్తదల్లా కావాలా, ఉన్నదానితో సర్దుకోలేవా అంటారు. ఉన్నదానితో సర్దుకుని ఉంటే ఇంటర్నెట్‌లో తెలుగు ఈనాటికీ ఇంగ్లీషు లిపిలోనే ఉండేది.

నిజంగానే మొదట అక్కడే ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసుకునే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయం పేరు మీదే దానికి ఆర్‌టీఎస్ అని పేరు. పెద్ద టి కొడితే ట, చిన్న టి కొడితే త. తెర మీద అక్షరం ఇంగ్లీషుదే, మనసులో చదువుకునేది తెలుగు. ఆ తర్వాత ఫాంట్ల కాలం వచ్చింది. ఈనాడుకు తన ఫాంటు, వార్తకు తన ఫాంటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడితే ఫాంటు దానంతటదే దిగేది, ఇంకో బ్రౌజరు వాడేవాళ్ళు నానా తంటాలూ పడేవాళ్ళు. ఫాంటు దిగాక పేజీ ముచ్చటగా కనబడేది. ఒక వాక్యం కాపీ చేసి మరోచోట అతికిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు వచ్చి పడేది. ఎందుకంటే లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తుల స్థానాలే, వాటికి తెలుగు అక్షరాల ముక్కలను తొడిగారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉంటుందో ఆ పత్రికకే తెలుసు. గూగుల్‌లో వెతికితే దొరకదు. అన్ని లక్షల వాక్యాలు రోజూ అచ్చవుతూ, ఏ ఒక్కటీ వెతకడానికి వీల్లేకుండా తాళం పడి ఉన్న కాలమది.

ఆ తాళం తీసినవాళ్ళు ప్రభుత్వాలూ కాదు, పెద్ద కంపెనీలూ కాదు. వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పద్మ అనే పొడిగింపు రాశారు. పత్రిక పేజీ తెరిస్తే, ఆ ఫాంటు రహస్యం ఎరిగిన పద్మ దాన్ని అక్కడికక్కడ, అన్ని యంత్రాలకూ అర్థమయ్యే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. పేజీ లోపలి ఇంగ్లీషు గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగై, కాపీ చేసుకోవడానికీ వెతుక్కోవడానికీ పనికొచ్చిన మొదటిసారి నేను పొందిన ఆనందం ఇప్పుడు కొత్త ఫోన్లు వాడే పిల్లలకు ఎలా చెప్పాలో తెలియదు. 2006లో వీవెన్ తెచ్చిన లేఖిని పద్మ కోడును ఆసరా చేసుకునే పనిచేసింది. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనవసరం లేదు. లేఖిని పేజీలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింద తెలుగు వచ్చేది, దాన్ని తీసుకెళ్ళి ఎక్కడైనా అతికించుకోవచ్చు. నెట్ సెంటర్లో గంటకు ఇంతని డబ్బు కట్టి కూర్చున్నవాడు కూడా తెలుగు రాయగలిగాడు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ వచ్చి పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నిటినీ పక్కన పెట్టేసింది. అప్పటికి పద్మ చేయవలసిన పని చాలావరకు పూర్తయింది, పత్రికలే యూనికోడ్‌కు వచ్చేశాయి.

ఇదే నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు, 2003 డిసెంబరు 9న. ఈ తేదీ నాకు చాలా ముఖ్యం. అప్పటికి అసలు వికీపీడియాకే మూడేళ్ళు నిండలేదు. అది నిలుస్తుందో లేదో, ఎవరైనా వచ్చి దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వాన్ని లోకం నమ్ముతుందో లేదో ఎవరికీ తెలియదు. తెలుగు టైపు చేయగలవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అలాంటప్పుడు వెళ్ళి తెలుగుకు ఒక గది అడిగి తీసుకున్నారు.

సర్వీసు ఏదైనా మొదటి రోజుల్లో సారె మీది కుండలా ఉంటుంది. వేలితో తాకితే ఆకారం మారుతుంది. తయారుచేసినవాళ్ళు చేతులకు మట్టి ఉండగానే మనతో మాట్లాడతారు, ఉత్తరం రాస్తే స్వయంగా జవాబిస్తారు, ఏం కావాలో అడుగుతారు. కొన్నేళ్ళు పోయాక అదే కుండ ఆవంలో కాలి గట్టిపడుతుంది. అప్పుడు దానికి కోట్లమంది వాడుకరులు, వందల మంది ఇంజనీర్లు, మూడు నెలల ముందే ఖరారైన పనుల జాబితా. తెలుగు ఒత్తు పక్కకు జరిగిందని చెప్పడానికి అక్కడ మనిషి దొరకడు. ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, పాత్ర వాళ్ళ కొలతకే తయారవుతుంది. తెలుగువాళ్ళం ఆలస్యంగా వస్తే మనకు సరిపడకుండా కాలిపోయిన పాత్ర మిగులుతుంది. అందుకే కొత్తదాని గుమ్మం దగ్గర ముందుండాలని నా పట్టుదల.

ఆలస్యం ఖరీదు ఎంతో యూనికోడ్‌ను చూస్తే తెలుస్తుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది, మన దేశంలో తయారైన ఇస్కీ పద్ధతిని అనుసరించి. మంచిదే. కానీ అప్పటి పట్టికలో లేని అక్షరాలు ఒక్కొక్కటీ లోపలికి రావడానికి ఏళ్ళు పట్టింది. దంత్య చకార జకారాలైన ౘ, ౙ 2008లో వచ్చాయి. పాత శాసనాల్లో కనిపించే ఴ 2014లో చేరింది, సురేశ్ కొలిచాల తదితరులు ప్రతిపాదన పంపిన తర్వాత. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లు కోసం 2021 దాకా ఆగాం. ఇవన్నీ ఒక ఎత్తు. ‘స్త్రీ’ అనేది ఒక అక్షరం అని ప్రమాణంలోకి ఎక్కింది ఎప్పుడో తెలుసా? 2023లో, యూనికోడ్ 15.1 వెర్షన్‌తో. అప్పటిదాకా ప్రమాణం లెక్కలో అవి మూడు ముక్కలు: స్, త్, రీ. కర్సరు ఎక్కడ ఆగాలి, ఎంతవరకు ఎంచాలి, ఎన్ని అక్షరాలని లెక్కపెట్టాలి అని ప్రమాణాన్ని అడిగిన ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ మూడు ముక్కల సమాధానమే తీసుకెళ్ళింది. బడిలో పంతులు గారు ఒకటని చెప్పినదాన్ని యంత్రాల లోకం ఒప్పుకోవడానికి 32 ఏళ్ళు పట్టింది.

ఫోన్లో పేరు పక్కన గుండ్రటి బొమ్మ ఒకటి వస్తుంది చూడండి, ఫొటో లేనివాళ్ళకు పేరులో మొదటి అక్షరం వేస్తారు. శ్రీనివాస్ పేరు తెలుగులో కొడితే అక్కడ ఉత్త ‘శ’ వచ్చే యాప్‌లు నేను చాలా చూశాను. క్రాంతికి ‘క’. జ్యోతికి ‘జ’. ఇది ప్రాణాంతకమైన లోపమేమీ కాదు. కానీ ఒక మనిషి పేరులో మొదటి అక్షరం అది. ఆ అమ్మాయి తన పేరును ‘జ్యో’తో మొదలుపెడుతుంది, ‘జ’తో కాదు.

మాదాపూర్‌లో ఒక స్నేహితుడు ఇలాంటి యాప్ తయారుచేసే జట్టులో పనిచేస్తాడు. పుట్టింది పిఠాపురం దగ్గర, నాకంటే చిన్నవాడు. టీ తాగుతూ అడిగాను.

“టెస్టింగులో ఒక్క తెలుగు పేరైనా కొట్టి చూశారా?”

“మా యూజర్లు ఇంగ్లీషులోనే కొడతారన్నా. తెలుగులో కొట్టేవాళ్ళు ఒక్క శాతం కూడా ఉండరు.”

“కొట్టినవాళ్ళకు పేరు విరిగి కనిపిస్తే మళ్ళీ కొడతారా తమ్ముడూ? ఆ ఒక్క శాతం అలా మిగిలిందే.”

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి వాళ్ళ నాన్నగారి పేరు తెలుగులో కొట్టి చూశాడు. ఆ పేరు మొదట్లోనే సంయుక్తాక్షరం ఉంది. మర్నాడు వాళ్ళ టెస్టింగు జాబితాలోకి కొన్ని తెలుగు పేర్లు చేరాయి. ప్రపంచం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎంతో భాగం హైదరాబాదులో, తెలుగు మాట్లాడేవాళ్ళ చేతుల మీదుగానే తయారవుతోంది. మన ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టి పరీక్షిస్తే చాలు, ఖర్చు లేని పని. ఇది ఇంకా ఎక్కువమంది ఎందుకు చేయరన్నది నన్ను బాధపెడుతుంది.

మా పెద్దనాన్న రాజమండ్రిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సొంతంగా ఒక శతకం రాసుకున్నారు. ఆ పద్యాలను అందమైన కార్డుల మీద వేసి ఇస్తుందని ఒక కొత్త డిజైన్ సర్వీసు గురించి ఆయనకు నేనే చెప్పాను. ఆయన ఓపిగ్గా సీసపద్యం ఒకటి కొట్టి, ఫలితం చూసి నాకు ఫోన్ చేశారు. “ఒరేయ్, నా పద్యానికి ఒత్తులన్నీ రాలిపోయాయిరా” అన్నారు. గొంతులో కోపం లేదు, దిగులు ఉంది. వెళ్ళి చూస్తే, ఎడిటింగు పెట్టెలో అంతా బాగానే ఉంది. బొమ్మగా దింపుకున్నప్పుడు మాత్రం ఒత్తులు విడిపోతున్నాయి. తెర మీద అక్షరాలను కూర్చేది బ్రౌజరు, బొమ్మలో కూర్చేది వాళ్ళ సర్వరు. బ్రౌజరుకు తెలిసిన విద్య సర్వరుకు తెలియదు.

ఈ విద్యకు ఒక పుట్టిల్లు ఉంది. హార్ఫ్‌బజ్ అని ఓపెన్ సోర్స్ లైబ్రరీ. సంకేతాల వరసను తీసుకుని ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని దానిది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అందులో తెలుగు తప్పు ఒకటి దిద్దితే ఆ దిద్దుబాటు కోట్ల తెరలకు చేరుతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి బగ్ రిపోర్టు రాయడం అంటే నాకు సాహిత్య సేవ అనిపిస్తుంది. పెద్దనాన్న పద్యం గురించి ఆ సర్వీసు వాళ్ళకు రాసేటప్పుడు ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అని రాయలేదు. అలా రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ మాట కొట్టాలి, ఏ ఫాంటులో, ఎక్కడ నొక్కాలి, ఏం రావాలి, ఏం వస్తోంది, రెండు బొమ్మలు పక్కపక్కన, విరిగిన అక్షరం చుట్టూ ఎర్ర గీత. తెలుగు చదవడం రాని ఇంజనీరుకు కూడా ఏది ఒప్పో ఏది తప్పో కంటికి కనబడాలి. సర్వీసు కొత్తది, జట్టు చిన్నది, కాబట్టి జవాబు ఆ సర్వరు కోడు రాసిన మనిషి నుంచే వచ్చింది. ఆ నెలలోనే సరిచేశారు. పెద్దనాన్న కార్డు మళ్ళీ వేసుకుని, తన పాత శిష్యులందరికీ పంపారు.

అందరూ ఇలా తేలిగ్గా దొరకరు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్తలకెక్కిన ఐఫోన్ సంఘటన గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ మధ్యలో కనబడని ఆ నాన్ జాయినర్ దూరిన రూపం ఒకటి సందేశంలో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్ ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇదే తరహా అమరికతో ఫోను కూలుతుందని తర్వాత తేలింది. ఆ వారమంతా వార్తల్లో తెలుగు ఒక వైరస్ లాగా, పొరపాటున తాకకూడని వస్తువు లాగా కనబడింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. జ్ఞానంలోని మొదటి అక్షరం అది, ఒకటో తరగతి పిల్లలు రాస్తారు. తప్పు అక్షరానిది కాదు. ఆ అక్షరాన్ని కూర్చే కోడును చాలినన్ని తెలుగు మాటలతో ఎవరూ పరీక్షించలేదు.

ఇప్పుడు సారె మీద ఉన్నది ఏఐ. రోజుకో కొత్త సర్వీసు వస్తోంది, నేనూ ఉత్సాహంగా చూస్తున్నాను. వీటి లోపల టోకెన్ అనే కొలత ఒకటి ఉంది. మనం రాసినదాన్ని యంత్రం ముక్కలుగా కోసుకుని చదువుతుంది, ముక్కకు ఇంత అని డబ్బు లెక్కగడుతుంది. ఎక్కువ ముక్కలైతే ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలస్యం, గుర్తుపెట్టుకునే చోటు తక్కువ. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్ఏఐ ఒక పట్టిక ఇచ్చింది. ఒకే వాక్యాన్ని ఇంగ్లీషులో పాత పద్ధతి 27 ముక్కలు చేస్తే కొత్త పద్ధతి 24 చేస్తుంది. అదే వాక్యం తెలుగులో పాత పద్ధతికి 159 ముక్కలు, కొత్తదానికి 45. ఆ 159ని చూసి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇంగ్లీషులో అడిగినవాడికంటే అదే ప్రశ్న తెలుగులో అడిగినవాడికి దాదాపు ఆరు రెట్ల బరువు పడింది. ఎవరూ పగబట్టి చేయలేదు. ముక్కలు కోసే కత్తిని తయారుచేసినప్పుడు దాని ముందు తెలుగు పాఠం చాలినంత లేదు, అంతే. తర్వాత పెరిగింది, 45కు తగ్గింది. ఆ పెరిగిన పాఠంలో వికీపీడియాలో ఊరి పేజీ రాసిన బడిపంతులు ఉన్నారనీ, లేఖినిలో కొట్టి కథ రాసుకున్న గృహిణి ఉన్నారనీ నా నమ్మకం. ఫాంట్ల తాళంలో ఉండిపోయిన ఆనాటి లక్షల వాక్యాలు మాత్రం అలా ఉన్నంతకాలం ఏ యంత్రానికీ కనబడవు.

ఆ తాళం ఇంకా పూర్తిగా ఊడలేదు. విజయవాడలో ఏ డీటీపీ సెంటరుకైనా వెళ్ళండి, అను ఫాంట్లలో పేజ్‌మేకర్ ఫైళ్ళు గుట్టలుగా ఉంటాయి. మంచి మంచి నవలలు, అనువాదాలు, పరిశోధన గ్రంథాలు. పుస్తకం అచ్చయింది, ఫైలు సీడీలో ఉంది, లోపల ఉన్నది యంత్రం దృష్టిలో తెలుగు కాదు. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి. మార్చి, ఒకసారి కళ్ళతో చదివి దిద్దితే చాలు. కొత్త సర్వీసుల మీద నాకున్న మోజు నన్ను ఈ పాత సీడీల దగ్గరికి ఎన్నోసార్లు తీసుకొచ్చింది. పెద్దనాన్న శతకం కూడా మొదట అలాంటి ఫైలే.

సర్వీసులు పోతాయి, అది నాకు తెలియనిది కాదు. గూగుల్ రీడర్ 2013 జులై 1న పోయింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న పోయింది. తెలుగు సాహిత్య చర్చలు ఎన్నో జరిగిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరుతో పూర్తిగా మూతబడ్డాయి. కూ సంగతి నన్ను ఎక్కువ బాధించింది. బెంగళూరులో 2020లో కన్నడంతో మొదలై, తెలుగుకూ చోటిచ్చిన యాప్ అది. బొత్తాల మీది మాటలతో సహా అన్నీ తెలుగులో ఉండేవి. మన భాషను అతిథిగా కాక ఇంటిమనిషిగా చూసిన సర్వీసు 2024 జులైలో మూతబడుతున్నానని ప్రకటించింది. ఆదరణ ఒక్కటే చాలదని అప్పుడు ఇంకా గట్టిగా అర్థమైంది. అందుకే ఒత్తులు చూశాక నేను చూసే తర్వాతి సంగతి, రాసుకున్నదంతా మూటగట్టుకుని బయటికి వెళ్ళే దారి ఉందా అన్నది.

పల్లెమాటలు పోగేసే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. వ్యవసాయపు మాటలు, వంట మాటలు, తిట్లు కూడా. అవన్నీ ఒక నోట్స్ సర్వీసులో దాచేవాణ్ణి. దాన్ని మూసేస్తున్నామని ఒకరోజు ఉత్తరం వచ్చింది. దింపుకున్న ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. వరసగా వెనకగీత, యు, 0సి24, మళ్ళీ వెనకగీత, యు, 0సి46. ఒక్క క్షణం గుండె ఆగినట్టయింది, మరుక్షణం నవ్వొచ్చింది. 0సి24 అంటే త, 0సి46 అంటే ఎత్వం. అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయి, అంకెల రూపంలో. పైథాన్‌లో నాలుగు వరసలు రాస్తే ‘గొర్రు’, ‘పలుపు’, ‘కుంచం’ అన్నీ లేచి నిలబడ్డాయి. ఆ నోట్స్ ఇప్పుడు ఏ కంపెనీ మీదా ఆధారపడని మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉన్నాయి. వాటిని ఏ కొత్త యాప్‌లో పెట్టి చూడాలన్నా నిమిషం పని. మన సమాచారం ముందు మన యంత్రంలో ఉండాలి, సర్వరు దానికి తోడుగా మాత్రమే ఉండాలి అని వాదిస్తూ 2019లో ఇంక్ అండ్ స్విచ్ అనే పరిశోధన బృందం ఒక వ్యాసం రాసింది, లోకల్ ఫస్ట్ అని దానికి పేరు పెట్టింది. ఇప్పుడు వస్తున్న కొత్త సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తున్నవి ఆ దారిలో నడిచేవే. ఏదో ఒకరోజు మూతబడుతుందని తెలిసినా, అలాంటి సర్వీసుకు నా మాటలు ఇవ్వడానికి నేను వెనకాడను.

ఈ మధ్య నా సమయమంతా గొంతు సర్వీసులు తీసుకుంటున్నాయి. మాట్లాడితే రాసిపెట్టేవి. 2017లో గూగుల్ తెలుగులో మాటను టైపుగా మార్చే సదుపాయం ఇచ్చినప్పటి నుంచి, కీబోర్డు అంటే భయపడే మా ఇంటి పెద్దవాళ్ళు చాలామంది రాయడం మొదలుపెట్టారు. కొత్తగా వస్తున్నవి ఇంకా నేర్పుగా ఉన్నాయి, గంటసేపు మాట్లాడినా కామాలతో సహా రాస్తాయి. అయితే వాటికి వినబడే తెలుగు ఒక్కటే, వార్తలు చదివేవాళ్ళ తెలుగు. మా అత్తది శ్రీకాకుళం వైపు. “ఏటి సేత్తన్నావు” అని ఆవిడ అంటే ఒక సర్వీసు “ఏమి చేస్తున్నావు” అని రాసింది, ఇంకోటి పొంతనలేని రెండు మాటలు రాసింది. రెండోదానికంటే మొదటిదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తప్పు రాస్తే తప్పని తెలుస్తుంది. దిద్ది రాస్తే ఆవిడ మాట ఉన్నట్టే ఎవరికీ తెలియదు. రేపు ఆవిడ చెప్పే కథలన్నీ ఇలా రాయించి దాస్తే, అందులో కథలు ఉంటాయి, అత్త ఉండదు.

గొంతు సర్వీసులకు ఇంకా తడి ఆరలేదు. మొజిల్లా నడిపే కామన్ వాయిస్‌లో తెలుగు కూడా ఉంది, ఎవరైనా వెళ్ళి తమ యాసలో వాక్యాలు చదివి ఇవ్వవచ్చు. ఇచ్చినవి ఎవరైనా వాడుకోవచ్చు. అత్తతో చదివించాను. కొత్తగా మొదలైన ఇంకో సర్వీసు వాళ్ళకు నేనే ఉత్తరం రాశాను. అత్త మాట, కడప స్నేహితుడి “ఏం చేస్తాండావు”, కరీంనగర్ సహోద్యోగి “ఏం జేస్తున్నవ్” రికార్డు చేసి, ఏది ఎలా వినబడిందో, ఏది ఉన్నదున్నట్టుగా ఎలా రాయాలో పక్కపక్కన పెట్టి జతచేశాను. యాసను దిద్దకుండా ఉంచే మీట ఒకటి ఇవ్వమని అడిగాను. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. అలాంటి మీట గురించి తాము ఆలోచించలేదట, పెట్టవచ్చట, అయితే ఒక్కో ప్రాంతం నుంచి ఇంకా చాలా నమూనాలు కావాలట. పాలకొండ, పులివెందుల, సిరిసిల్ల, భద్రాచలం, ఎక్కడెక్కడి చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేస్తున్నాను.